రెండు కొసల తాడు

నగరి,
6 ఏప్రిల్ 2025

బావమరిది మురుగేశుకు,

కాలు ఎలా ఉంది? ముప్పై ఏళ్ళు డిపోలో బస్సుల కింద దూరినవాడివి, సొంత ఇంటి మెట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నావంటే ఈ వీధిలో ఎవరూ నమ్మడం లేదు. నేను నమ్మాను. నీ నడక నాకు తెలుసు. మీ ఇంట్లో పది రోజులు ఉండి వచ్చాక మీ అక్క కోమలి రోజూ నీ గురించే మాట్లాడుతోంది. ఆమె పెదవులు చూసి చూసి నా కళ్ళు నొప్పి పుడుతున్నాయి. నలభై ఏళ్ళు మరమగ్గాల మోతలో చెవులు పోగొట్టుకున్నవాడికి అదొక్కటే మేలు, తల తిప్పుకుంటే పోట్లాట అయిపోతుంది.

ఇక అసలు సంగతి. స్కూటరుకు సైడ్‌కారు మొదలుపెట్టేశాను. మోకాళ్ళ నొప్పితో మీ అక్క వెనక సీటు ఎక్కలేకపోతోంది. పక్కన తొట్టిలో దర్జాగా కూర్చోబెట్టి కాణిపాకం తీసుకుపోతానని మాట ఇచ్చాను. మగ్గాలు అమ్మేసిన షెడ్డు ఖాళీగానే ఉంది కదా. పాత ఇనప మంచం కోసి చట్రం చేశాను. తుప్పు గీకడానికి అర హార్స్‌పవర్ మోటారుకు మగ్గం పుల్లీ, బెల్టు తగిలించి సానచక్రం తయారు చేశాను. నువ్వు చూస్తే కుళ్ళుకుంటావు.

దానికి స్విచ్చు ఎలా పెట్టానో విను. దూలానికి తాడు స్విచ్చు. ఒకసారి లాగితే మోటారు తిరుగుతుంది, ఇంకోసారి లాగితే ఆగుతుంది. తాడును కొక్కేల మీదుగా నడిపించి ఒక కొస నా స్టూలు దగ్గర, ఇంకో కొస వాకిలి దగ్గర వేలాడదీశాను. పోతూ పోతూ లాగొచ్చు, వస్తూ వస్తూ లాగొచ్చు. ఇంత తెలివి మీ డిపోలో ఎవరికైనా ఉందా?

ఎండలు మొదలయ్యాయి, కరెంటు రోజుకు మూడు నాలుగుసార్లు పోతోంది. పోతే పోనీ, బెల్టు జారకుండా గుగ్గిలం పొడి రాసుకునేది ఆ కాస్త వ్యవధిలోనే. సైడ్‌కారు చక్రం స్కూటరు వెనక చక్రానికి సరిగ్గా పక్కనే ఉండాలా, ముందుకు ఉండాలా? రాయి. ఫోను చేసి మీ అక్కకు చెప్పకు, ఆమె చక్రాన్ని గిన్నె చేసి నాకు చెబుతుంది.

నీ బావ,
ఏకాంబరం


శ్రీకాళహస్తి,
9 ఏప్రిల్ 2025

బావకు నమస్కారాలు.

నా నడకను వెక్కిరించింది చాలు. కట్టు విప్పడానికి ఇంకా ఐదు వారాలు పడుతుందట. కట్టు లోపల దురద. మా ఆవిడ సుజన దోసెల పెనం మీది అట్లకాడ ఇచ్చింది గోక్కోమని. ఆ తర్వాత దాన్ని కడిగిందో లేదో అడగలేదు, దోసెలు మాత్రం తింటున్నాను.

సైడ్‌కారు చక్రం వెనక చక్రం కంటే కనీసం నాలుగు అంగుళాలు ముందుకు ఉండాలి. సరిగ్గా పక్కనే పెడితే మలుపులో అక్క ఒక దిక్కుకు, నువ్వు ఒక దిక్కుకు పోతారు. చట్రానికి మూడు చోట్ల కాదు, నాలుగు చోట్ల బిగించు.

బావా, ఒక మాట. కరెంటు పోయినప్పుడు తాడు లాగి స్విచ్చు ఆపేసి ఆ తర్వాతే బెల్టు మీద చేయి పెడుతున్నావా? మగ్గం వాళ్ళ అలవాటు నాకు తెలుసు. కరెంటు పోతే స్విచ్చు అలాగే వదిలేస్తారు, వస్తే దానంతట అదే తిరుగుతుందని. మీ షెడ్డులో ఎన్నిసార్లు చూశానో. కానీ అది మగ్గం, ఇది బెల్టు. డిపోలో మా చలపతి వేళ్ళు బెల్టుకూ పుల్లీకీ మధ్య పోయిన రోజు నేను పక్కనే ఉన్నాను. అరిచాను. వాడికి వినబడింది, చేయి లాక్కున్నాడు, అయినా ఆలస్యమైంది. నీకు అరిచినా వినబడదు. దయచేసి కరెంటు పోయిన మరుక్షణం తాడు లాగు. ఇది నా ప్రార్థన అనుకో.

మురుగేష్


నగరి,
14 ఏప్రిల్ 2025

మురుగేశా,

నాలుగు అంగుళాల మాటకు సంతోషం. మిగతా ఉత్తరం చదివి మండిపోయింది.

అరిచినా వినబడదా? అవును, వినబడదు. ఇరవై ఏళ్ళుగా వినబడదు. ఆ ఇరవై ఏళ్ళూ ఆరు మగ్గాలు నడిపాను, పది వేళ్ళూ ఉన్నాయి. లెక్కపెట్టుకున్నాను, నీ ఉత్తరం చదివాక మళ్ళీ ఒకసారి.

నా పద్ధతి నీకు తెలియదు కాబట్టి చెబుతాను. కరెంటు తిరిగి ఇచ్చేటప్పుడు మా వీధిలో మగ్గాల లైనుకు ముందు ఇస్తారు. ఇళ్ళ లైనుకు ఐదారు నిమిషాల తర్వాత. మగ్గాలు పోయాక నా షెడ్డుకు ఉన్నది ఇంటి లైనే. గోడకు అవతల కుప్పయ్య షెడ్డు మగ్గాల లైను మీద ఉంది. అక్కడ మగ్గాలు కదలగానే నేల నా అరికాళ్ళకు చెబుతుంది. అప్పుడు చేయి తీసేసి తీరిగ్గా బీడీ వెలిగించుకుంటాను. ఆ తర్వాత గానీ నా మోటారు తిరగదు. చెవులున్నవాళ్ళకు ఇంత ముందస్తు కబురు రాదు.

ఇంకో సంగతి. ఆ నేల అదిరేది ఎవరి మగ్గాల వల్లనో నీకు గుర్తుందా? మా నాయన పెట్టిన రెండు మగ్గాలు కుప్పయ్య దగ్గరే ఉన్నాయి. పైసా తీసుకోకుండా ఇచ్చాను, ఆడినంత కాలం ఆడించమని. పొద్దున్నే లేచి గోడ మీద అరచేయి ఆనిస్తే గానీ నాకు కాఫీ దిగదు. ఈ మధ్య అదురు సన్నగా వస్తోంది. పాపం కుప్పయ్య, నూలు దొరక్క రెండే నడుపుతున్నట్టున్నాడు. ఆ రెండూ నాయనవే అయి ఉంటాయి. అడగడానికి పోతే మీ అక్క, "ఆయప్ప తిరుప్పూరు పోయినాడు, ఆడ యాపారం మాట్లాడుకోను. ఎండలో ఏడికీ పోవద్దు, గుండెకు స్టెంటు యేసి ఏడాది కూడా కాలా" అని వాకిట్లో అడ్డం నిలబడింది.

చెవిటివాడికి స్విచ్చు ఆపడం నేర్పించాల్సిన పని లేదు. నీ కాలు చూసుకో.

ఏకాంబరం


శ్రీకాళహస్తి,
17 ఏప్రిల్ 2025
(పోస్టు చేయలేదు)

బావా,

ఇది రాసి చింపేస్తానేమో. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

గోడ అవతల మగ్గాలు లేవు. నాయన మగ్గాలు కూడా లేవు. మీరిద్దరూ నన్ను చూడడానికి ఇక్కడికి వచ్చిన పది రోజుల్లోనే కుప్పయ్య ఎనిమిదీ పాత ఇనుముకు తోలేసి తిరుప్పూరులో మిల్లు పనికి వెళ్ళిపోయాడు. షెడ్డును నీళ్ళ క్యాన్లు నింపేవాళ్ళకు అద్దెకిచ్చాడు. నీ అరికాళ్ళకు తెలిసేది ఆ నీళ్ళ ప్లాంటు మోటారు. వాళ్ళు మగ్గాల లైను తీసేయించారట. వాళ్ళకు కరెంటు నీతో పాటే వస్తుంది. నేల నీకు ముందుగా ఏమీ చెప్పదు బావా. అది అదిరే క్షణంలోనే నీ బెల్టు కూడా తిరుగుతుంది.

అక్క నా చేత ఒట్టు వేయించుకుంది. "నాయన మగ్గాలు పాత సామాన్లోళ్ళు ఎత్తకపోయినారని తెలిస్తే ఆ మనిషి గుండె ఆడికాడే ఆగిపోతాదిరా. నువ్వు నోరు మూసుకో" అని ఏడ్చింది. తిరుపతి ఆసుపత్రిలో నీ పక్కన మూడు రాత్రులు కూర్చున్నది ఆమె. ఆమెకు ఎలా ఎదురు చెప్పను?

నిజం చెబితే నీ గుండె. చెప్పకపోతే నీ చేయి. మంచం మీద పడుకుని ఈ రెండింటినీ తూచడం తప్ప నాకు వేరే పని లేదు. పంకా ఆగితే చాలు, ఇక్కడ కరెంటు పోతే అక్కడ కూడా పోయి ఉంటుందని లేచి కూర్చుంటున్నాను. నిన్న సుజన నన్ను చూసి భయపడింది.

చివరికి ఈ రోజు పొద్దున అక్కకు ఫోను చేశాను. "అక్కా, బావ మాట వినడు. కరెంటు పోగానే నువ్వు పోయి వాకిలి దగ్గర తాడు ఒకసారి లాగు. బావకు కనబడకుండా లాగు, కనబడితే పట్టుదలకు మళ్ళీ లాగుతాడు" అన్నాను. "అట్లనేలే, ఆయప్ప వీపు నాకేసే ఉంటాది" అంది. కాస్త నెమ్మదించాను. ఈ మాత్రం ముందే ఎందుకు తోచలేదో.

అందుకే ఇది పోస్టు చేయను.

మురుగేష్


శ్రీకాళహస్తి,
18 ఏప్రిల్ 2025

బావకు,

నీ చెవుల మాట ఎత్తడం నా తప్పు. క్షమించు. మంచం మీద మనిషికి నోరు జారుతుంది. కాళ్ళు జారడం ఎటూ ఉంది.

తొట్టికి అడుగున ప్లైవుడ్ వేస్తున్నావా, రేకు వేస్తున్నావా? రేకు వేస్తే మే నెల ఎండకు అక్క దోసెలాగా కాలుతుంది. ప్లైవుడ్ వేసి పైన పాత పరుపు ముక్క కుట్టించు. బ్రేకులు వేసి చూడు, బండి ఎడమకు లాగుతుందో కుడికి లాగుతుందో రాయి.

నేను అడిగింది నువ్వు చేయవని తెలుసు. అయినా మళ్ళీ అడుగుతున్నాను. నీ పద్ధతి తప్పని కాదు. నాకు భయంగా ఉంది బావా. కారణం అడగవద్దు, భయానికి కారణం చెప్పలేకపోతున్నాను. కరెంటు పోగానే తాడు లాగు. నా కోసం.

మురుగేష్


నగరి,
24 ఏప్రిల్ 2025

ప్రియమైన మురుగేశుకు,

సైడ్‌కారు లేచి నిలబడింది! నిన్న సాయంత్రం మీ అక్కను కూర్చోబెట్టి వీధి చివరి దాకా తీసుకుపోయాను. బ్రేకు వేస్తే కుడికి లాగుతోంది, దాని సంగతి చూడాలి. మీ అక్క రెండు చేతులతో తొట్టి అంచు పట్టుకుని కళ్ళు మూసుకుంది. వెనక్కి వచ్చి ఆపాక, "ఇంగోసారి పోదాం పా" అంది. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె నన్ను ఇంకోసారి అని అడిగింది లేదు. నాకు కళ్ళు తడి అయ్యాయి. రాస్తున్నాను కానీ నువ్వు ఎవరికీ చెప్పకు.

తొట్టి అంచులకు ఇంకా పదును ఉంది, ఆమె చీర చిరిగింది. నాలుగు రోజులు సానపట్టి రంగు వేస్తే కాణిపాకం ప్రయాణమే.

నీ మీద కోపం పోయింది. "నా కోసం" అని రాశావు చూడు, అక్కడ పోయింది. మగవాడు మగవాడికి భయంగా ఉందని రాయడం చిన్న విషయం కాదు. అందుకని నీ ఉత్తరం అందిన సోమవారం నుంచి కరెంటు పోగానే మొదట తాడు లాగుతున్నాను. మోటారు ఆపేశానన్న ధైర్యం మీద ఇప్పుడు అరికాళ్ళ వైపు కూడా చూసుకోవడం లేదు, నిశ్చింతగా రెండు చేతులూ పెట్టి పని చేసుకుంటున్నాను. మీ అక్కకు మాత్రం చెప్పకు. "నా తమ్ముడు చెప్తే వింటావు, నేను చెప్తే వినవు" అని వారం రోజులు సాధిస్తుంది. ఆమె చూడకుండానే లాగుతున్నాను.

ఒక్కటే చిక్కు. ఈ స్విచ్చుకు ఏదో పోయేకాలం వచ్చింది. పోయిన వారం నేను ఆపకపోయినా, కరెంటు వచ్చాక మోటారు కదిలేది కాదు, మళ్ళీ లాగాల్సి వచ్చేది. ఈ వారం చూస్తే, ఆపి పెట్టినా కరెంటు రాగానే దానంతట అదే తిరుగుతోంది. మంగళవారం, నిన్న, రెండుసార్లు అలా జరిగింది. నేను అప్పుడు నీళ్ళకని లేచి ఉన్నాను కాబట్టి సరిపోయింది. లోపల స్ప్రింగు అరిగిపోయి ఉంటుంది. ఆదివారం పని అయ్యాక విప్పి చూస్తాను.

నీ బావ,
ఏకాంబరం


శ్రీకాళహస్తి,
28 ఏప్రిల్ 2025, సోమవారం పొద్దున

బావా,

ఈ ఉత్తరాన్ని పుత్తూరు బస్సు కండక్టరు సుకుమార్ చేతికి ఇస్తున్నాను. పుత్తూరులో నగరి బస్సు కండక్టరుకు ఇస్తాడు. అతను తెచ్చి నీ చేతిలోనే పెడతాడు. మొత్తం చదివేదాకా షెడ్డులోకి అడుగుపెట్టకు.

స్విచ్చు చెడిపోలేదు. తాడును ఇద్దరు లాగుతున్నారు. నువ్వు స్టూలు దగ్గర లాగుతున్నావు. అక్క వాకిలి దగ్గర లాగుతోంది. నువ్వు ఆపుతున్నావు, ఆమె ఆపుతున్నాననుకుని మళ్ళీ వేస్తోంది. ఆమెకు చెప్పింది నేను. నీకు చెప్పింది కూడా నేనే. ఇద్దరికీ వేరువేరుగా చెప్పి, ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు దాచుకునేలా చేసిన మొనగాణ్ణి నేనే.

నీ ఉత్తరం పది గంటలకు వచ్చింది. చదవగానే ఫోను అందుకున్నాను. అక్కకు ఇప్పటికి ఇరవై సార్లు ఫోను చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. నిన్న సాయంత్రం కూడా ఎత్తలేదని సుజన ఇప్పుడు చెబుతోంది. ఎక్కడికి పోయారు మీరు? కాణిపాకం పోయారా? పోయి ఉంటే ఎంత బాగుంటుంది. ఇద్దరూ బండి మీద పోయి ఉంటారు, ఫోను ఇంట్లో మరిచి ఉంటారు అని నాకు నేను చెప్పుకుంటున్నాను. రంగు వేయకుండా నువ్వు పోవని కూడా తెలుసు.

నిజం కూడా చెప్పేస్తున్నాను. గోడ అవతల మగ్గాలు లేవు, నాయనవి కూడా లేవు. మార్చిలోనే పాత ఇనుముకు పోయాయి. అక్కడ ఉన్నది నీళ్ళ ప్లాంటు. నీ గుండెకు ఏమవుతుందోనని అక్క దాచింది, నేను దాచాను. ఇక ఏమైనా కానీ. కూర్చుని చదువు, నీళ్ళు తాగు, అక్కను పక్కన ఉంచుకో.

ఆ మోటారు తీగ పీకి అవతల పారెయ్యి బావా. ఒక్క మాట జవాబు రాయి.

మురుగేష్


నగరి,
14 మే 2025

మురుగేశా,

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు నీ కాలిలాగా వంకరపోతున్నాయి, ఓపిగ్గా చదువుకో. నిన్న కోమలి ఫోనులో నీకు చెప్పిందట కానీ, ఆమె ఏడుపులో సగమైనా నీకు అర్థమయి ఉండదు.

ఇరవై ఏడో తేదీ ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలకు కరెంటు పోయింది. తాడు లాగాను. నా వెనక ఆమె వచ్చి లాగి వెళ్ళింది. నేను బెల్టుకు గుగ్గిలం రాస్తున్నాను, చేతులు రెండూ లోపలే ఉన్నాయి. ఆపేశాననే ధైర్యంతో మీ అక్క చీర గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను, అంచు ఎంత గుండ్రంగా చేస్తే చిరగదా అని. కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు పోయాయి. బొటనవేలు ఉంది. తిరుపతిలో పదిహేను రోజులు ఉంచుకున్నారు. మీ అక్క ఫోను వంటింట్లోనే మోగుతూ పడి ఉండిందట, నీ నంబరు ఆమెకు నోటికి రాదు.

నీ ఉత్తరం తెచ్చిన కండక్టరు ఇంటికి తాళం చూసి నీళ్ళ ప్లాంటు వాళ్ళకు ఇచ్చాడు. వాళ్ళు మొన్న తెచ్చి ఇచ్చారు. ఆ ఉత్తరం ఇస్తున్న మనిషిని, అతని వెనక కుప్పయ్య షెడ్డు తెరిచిన తలుపులోంచి వరసగా ఉన్న నీళ్ళ క్యాన్లను, ఒకేసారి చూశాను. తర్వాత ఉత్తరం చదివాను.

నాయన మగ్గాల కోసం ఏడ్చాను మురుగేశా. వాకిట్లో కూర్చుని, అందరూ చూస్తుండగా, చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. ఎంతసేపో తెలియదు. గుండె ఆగలేదు. ఏడ్చాక ఆకలేసింది, అన్నం పెట్టమన్నాను. కోమలి పెట్టింది, కలిపి ముద్దలు చేసి ఆమే తినిపించింది. ఆ సంగతి మార్చిలోనే చెప్పి ఉంటే అప్పుడూ ఇంతే జరిగేది.

నీ మీద కోపం లేదు. నేను కూడా దాచాను కదా, మాట విన్నానని తెలిస్తే చిన్నతనమని. మీ అక్క నిద్రలో లేచి నా కట్టు తడిమి చూస్తోంది. తాడు నేనే లాగానని, నేనే లాగానని గొణుగుతోంది. నేను లాగింది కూడా చెప్పాను. ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు ఎక్కడం లేదు. ఆమె నిద్ర పోయేదాకా నాకు నిద్ర రాదు. నాకు ఇప్పుడు భయమంటే అదే.

అందుకని నువ్వు ఒక పని చెయ్యి. ఏం జరిగిందో మొదటి నుంచి అంతా రాయి. ఎవరికి ఏం చెప్పావో, ఎవరికి ఏం చెప్పలేదో, ఒక్కటి కూడా వదలకుండా రాయి. పైన మా ఇద్దరి పేర్లూ పెట్టు. ఆమె చదువుతుంటే నేను ఆమె పెదవులు చూస్తూ కూర్చుంటాను.

ఏకాంబరం